వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో జీవభద్రత: నిబంధనలు, ఆచరణ

గుంటూరు నుండి నల్లపాడు చేరేసరికి పట్టణం పలుచబడి పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు మొదలవుతాయి. నల్లపాడు జంక్షన్ వద్ద గుంతకల్లు, పగిడిపల్లి రైలు మార్గాలు విడిపోతాయి. జిన్నింగు మిల్లులు, శీతల గిడ్డంగులు, మిర్చి బస్తాల లారీలు ఈ ప్రాంతంలో నిత్యం కనిపించే దృశ్యాలు. ఇటువంటి చోట ప్రయోగశాల నుండి బయటపడిన గింజ గాని, పురుగు గాని, శిలీంధ్రం గాని ఆశ్రయం కోసం ఎక్కడా వెతుక్కోనక్కరలేదు. గోడ అవతలే దానికి కావలసిన పంట వందల ఎకరాల్లో సిద్ధంగా ఉంటుంది. మహానగరం నడుమ ఉన్న ఒక వైద్య పరిశోధనాలయం నుండి మిరప తామర పురుగు తప్పించుకుంటే బహుశా ఆకలితో చస్తుంది. మన దగ్గర తప్పించుకుంటే సంసారం పెడుతుంది. వ్యవసాయ ప్రయోగశాలల జీవభద్రతను వైద్య ప్రయోగశాలల కొలబద్దతో మాత్రమే కొలవడం సరికాదనడానికి ఈ ఒక్క భేదం చాలు.

జీవభద్రత అనే మాట వినగానే మన విద్యార్థులకు జన్యుమార్పిడి పంటలు, ఢిల్లీలో సమావేశమయ్యే సంఘాలు స్ఫురిస్తాయి. తాము జన్యుమార్పిడి పరిశోధన చేయడం లేదు కనుక ఈ నిబంధనలతో తమకు నిమిత్తం లేదని సస్యరక్షణ విభాగాల వారు, సేద్య విభాగం వారు సైతం భావిస్తుంటారు. ఈ భావన చట్టరీత్యా పాక్షికంగా కూడా నిలవదు. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద 1989 డిసెంబరు 5న వెలువడిన నియమావళి పేరులోనే 'హానికర సూక్ష్మజీవులు' అన్న మాట ముందుగా వస్తుంది. జన్యుమార్పిడి జీవులు, కణాలు ఆ తరువాతనే. వాటి తయారీ, వినియోగం, దిగుమతి, ఎగుమతి, నిల్వ అన్నీ ఆ నియమాల పరిధిలోనివే.

ఆ నియమావళి ఏర్పరచిన అంచెల వ్యవస్థ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. పైన జి.ఇ.ఎ.సి., దాని కింద పరిశోధనలను పరిశీలించే ఆర్.సి.జి.ఎం., రాష్ట్ర స్థాయిలో సమన్వయ సంఘం, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి సంఘం, సంస్థలో సంస్థాగత జీవభద్రతా సంఘం, అంటే అందరూ ఐ.బి.ఎస్.సి. అని పిలిచేది. సంస్థాధిపతి లేదా ఆయన నియమించిన వారు అధ్యక్షులుగా, శాస్త్రవేత్తలు, వైద్య అర్హత గల జీవభద్రతాధికారి, కేంద్ర జీవసాంకేతిక విభాగపు ప్రతినిధి సభ్యులుగా ఉంటారు. సంవత్సరానికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి, వార్షిక నివేదిక పంపాలి. ఈ కూర్పులో వైద్యుని స్థానం సమంజసమే. అయితే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ప్రమాదం మనిషికంటె ముందు పంటకు వాటిల్లుతుంది. కనుక ఒక తెగుళ్ళ శాస్త్రవేత్తకు, ఒక కీటక శాస్త్రవేత్తకు, కలుపు మొక్కల నడవడి తెలిసిన సేద్య శాస్త్రవేత్తకు ఆ బల్ల చుట్టూ శాశ్వతంగా కుర్చీలు ఉండాలన్నది నా అభిప్రాయం.

2022 తరువాత మారినదేమిటి?

2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. బయటి జన్యువు ఏదీ మిగలని ఎస్.డి.ఎన్.-1, ఎస్.డి.ఎన్.-2 తరగతుల జన్యుసవరణ మొక్కలను 1989 నియమావళిలోని 7 నుండి 11 వరకు గల నియమాల నుండి మినహాయించింది. అదే సంవత్సరం మే నెలలో జీవసాంకేతిక విభాగం మార్గదర్శకాలు వెలువరించింది. 2025 మే 4న ప్రకటించిన రెండు జన్యుసవరణ వరి రకాలు ఈ మార్గంలో వచ్చినవే. వాటి మూలాలు మన పాఠకులకు సుపరిచితాలు. హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డి.ఆర్.ఆర్. ధాన్ 100 'కమల'కు మాతృక మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204. ఢిల్లీ సంస్థ రూపొందించిన పూసా డి.ఎస్.టి. రైస్ 1కు మాతృక మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు, ఎం.టి.యు. 1010.

ఈ మినహాయింపును చాలామంది 'ఇక నిబంధనలు లేవు' అని అర్థం చేసుకున్నారు. నిజానికి జరిగినది బాధ్యత స్థానం మారడం. మొక్కలో బయటి డి.ఎన్.ఏ. లేదని మొదట పరిశీలించి తృప్తి చెందవలసినది ఇప్పుడు సంస్థాగత సంఘమే. ఆర్.సి.జి.ఎం.కు సమాచారం వెళ్తుంది గాని, ప్రతి మొక్కనూ పైవారు తిరిగి పరీక్షించే ఏర్పాటు ఇందులో లేదు. ఒకప్పుడు ఢిల్లీలో ఉన్న గేటు మన ప్రాంగణంలోకి వచ్చింది. కాపలా మన చేతిలో ఉంది.

విద్యార్థులు ఇక్కడ ఒక సాంకేతిక విషయం గ్రహించాలి. ఒక జన్యువు ఉన్నదని నిరూపించడం సులభం, లేదని నిరూపించడం కష్టం. జెల్‌పై గీత కనిపించకపోతే బయటి జన్యువు లేదని కావచ్చు, డి.ఎన్.ఏ. సరిగా రాలేదని కావచ్చు, ప్రైమరు పనిచేయలేదని కూడా కావచ్చు. మొక్కకు సహజంగా ఉండే ఒక జన్యువును అదే నమూనాలో పక్కనే పరీక్షించి గీత చూపించనిదే 'లేదు' అన్న మాటకు విలువ ఉండదు. వాహకపు ఏ భాగాలకు ప్రైమర్లు వేశారు, ఎన్ని మొక్కలను పరీక్షించారు, ఏ తరంలో పరీక్షించారు అనే మూడు ప్రశ్నలు సంఘ సభ్యులు అడిగి తీరాలి. పరిశోధకునికి ఇబ్బంది కలుగుతుందని మొహమాటపడే సభ్యుడు సంఘంలో ఉండి ప్రయోజనం లేదు.

బికనేరి నర్మా బి.టి. అనుభవం

ఇది ఊహాజనితమైన భయం కాదు. పొరుగున ఉన్న కర్ణాటకలోని ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం, నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ తదితరులు కలిసి రూపొందించిన బికనేరి నర్మా బి.టి. పత్తి ఇందుకు ఉదాహరణ. ఆ రకం కోసం మన ప్రాంతపు రైతులు ఎందుకు ఎదురుచూశారో ముందు చెప్పాలి. 2002 మార్చిలో దేశంలో బి.టి. పత్తికి అనుమతి లభించిన నాటి నుండి విత్తనమంతా ప్రైవేటు సంకరాల రూపంలోనే వచ్చింది. ఏటా కొనక తప్పదు. ధర భారం కావడంతో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో ఎం.ఆర్.టి.పి. కమిషన్‌ను ఆశ్రయించింది. ఫలితంగా 450 గ్రాముల ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. అటువంటి కాలంలో రైతు తన గింజను తానే దాచుకొని మరుసటి ఏడు విత్తుకోగల బి.టి. సూటి రకం ప్రభుత్వ రంగం నుండి రావడం చిన్న విషయం కాదు.

2008లో దానికి అనుమతి లభించింది. 2009 ఖరీఫ్‌లో విత్తనం రైతులకు చేరింది. ఆ విత్తనంలో ప్రైవేటు బి.టి. సంకరాల్లో ఉండే మాన్ 531 ఘటన ఆనవాళ్ళు బయటపడడంతో విత్తన సరఫరా నిలిచిపోయింది. ఆచార్య ఎస్.కె. సోపోరి అధ్యక్షతన ఏర్పడిన సంఘం విచారణ జరిపింది. 2012లో నివేదిక వెలుగులోకి వచ్చింది. విత్తనంలో మాన్ 531 ఉన్న మాట నిజమని తేలింది. ప్రభుత్వ రంగపు తొలి బి.టి. రకం కథ అక్కడితో ముగిసింది.

ఆ వివాదంలో ఎవరి పాత్ర ఎంత అన్న చర్చ ఇక్కడ అవసరం లేదు. ప్రయోగశాల నిర్వాహకులు గ్రహించవలసిన విషయం వేరొకటి ఉంది. రెండింటిలోనూ ఉన్నది క్రై1ఏసి జన్యువే. కాబట్టి స్ట్రిప్పు పరీక్ష గాని, జన్యువును మాత్రమే వెదికే సాధారణ పి.సి.ఆర్. గాని రెండు విత్తనాలకూ ఒకే జవాబు చెబుతుంది. జన్యువు క్రోమోజోములో ఎక్కడ చేరిందో ఆ సరిహద్దును గుర్తించే ఘటన-నిర్దిష్ట పరీక్ష మాత్రమే వాటిని వేరు చేయగలదు. ఆ పరీక్షను ప్రతి తరంలోనూ, విత్తనం చేతులు మారిన ప్రతిసారీ చేసి, ఫలితాన్ని రిజిస్టరులో నమోదు చేస్తే గింజ కలిసినా ఎక్కడ కలిసిందో తెలుస్తుంది. నమోదు లేకపోతే పదేళ్ళ కృషి అంతా అనుమానపు నీడలో పడుతుంది. ఆ నష్టం సంస్థకు మాత్రమే పరిమితం కాదు. సొంత విత్తనం కోసం చూసిన రైతు మళ్ళీ దుకాణం దారి పట్టాడు.

మన దగ్గర విత్తన రిజిస్టర్లు లేవని కాదు. చాలాచోట్ల 'వచ్చినది' అనే గడి నిండుగా ఉంటుంది, 'మిగిలినది' అనే గడి ఖాళీగా ఉంటుంది. విత్తగా మిగిలిన వంద గ్రాములు ఏమయ్యాయి, కోత తరువాత గింజ ఎంత వచ్చింది, ఎంత నాశనం చేశారు, ఎవరి సమక్షంలో చేశారు అన్న వివరాలు పరిశోధక విద్యార్థి జ్ఞాపకంలో ఉంటాయి. అతడు పట్టా పుచ్చుకొని వెళ్ళిన రోజున అవి కూడా వెళ్ళిపోతాయి. బీరువాలో పేరు చెరిగిన కవర్లు మాత్రం మిగులుతాయి.

పరీక్షకు వచ్చిన గింజ

పత్తి ప్రాంతంలో మరొక చిక్కు ఉంది. కలుపు మందును తట్టుకునే పత్తికి మన దేశంలో సాగు అనుమతి లేదు. అనుమతి కోసం చేసుకున్న దరఖాస్తును సంబంధిత కంపెనీ 2016లోనే వెనక్కు తీసుకుంది. అయినా ఆ విత్తనం పల్లెల్లో 'బీజీ-3' అన్న పేరుతో చాటుగా తిరిగింది. 2017లో జీవసాంకేతిక విభాగం దీనిపై క్షేత్ర తనిఖీ సంఘాన్ని నియమించింది. 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకంపై ఆంక్షలు విధించింది. ఈ నేపథ్యంలో వ్యవసాయాధికారులు, కొన్నిసార్లు రైతులే స్వయంగా, అనుమానపు విత్తనాన్ని పట్టుకొని ప్రయోగశాలకు వస్తారు. సి.పి.4 ఇ.పి.ఎస్.పి.ఎస్. ప్రొటీను కోసం స్ట్రిప్పు వేస్తారు. పది నిమిషాల్లో ఫలితం చెబుతారు. అంతవరకు బాగానే ఉంది.

ఆ ప్యాకెట్టులో మిగిలిన గింజల మాటేమిటి? అవి అనుమతి లేని జన్యుమార్పిడి జీవులు. జన్యుమార్పిడి పరిశోధన చేయని ప్రయోగశాల కూడా ఆ క్షణంలో నియంత్రిత పదార్థాన్ని తన వద్ద ఉంచుకున్నట్లే. సేద్య విభాగం మనిషిగా నేను ప్రయోగశాలలకు వెళ్ళినప్పుడు ముందు వెనుక గుమ్మం వైపు చూస్తాను. తొలకరి తరువాత చెత్తకుప్ప పక్కన, సింకు నీరు పారే కాలువ గట్టున పత్తి మొలకలు కనిపిస్తే లోపలి రిజిస్టరు చూడనక్కరలేదు. ఆమ్లంతో నూగు తీసిన గింజ తడి తగిలితే చాలు, మొలుస్తుంది. పూత దశ వరకు ఎవరూ పట్టించుకోకపోతే తేనెటీగ దాని పుప్పొడిని పక్క మడికి చేరవేస్తుంది. ఆ పక్క మడి మూలవిత్తన మడి అయితే చెప్పేదేముంది!

పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. వచ్చిన గింజలను లెక్కపెట్టి నమోదు చేయాలి. పరీక్షకు అవసరమైనవి పొడి చేయాలి, పొడి చేసిన గింజ మొలవదు. సాక్ష్యంగా ఉంచవలసినవి సీలు వేసి తాళంలో పెట్టాలి. మిగిలినవి ఆటోక్లేవ్ చేసి లేదా కాల్చి, ఇద్దరి సంతకాలతో ముగించాలి. గది ఊడ్చిన చెత్తను కూడా గింజగానే భావించాలి. ఊడ్చే ఆయమ్మకు ఈ సంగతి తెలుగులో వివరంగా చెప్పిన ప్రయోగశాలలు ఎన్ని? శిక్షణ తరగతులకు ఆమెను పిలవకుండా శాస్త్రవేత్తలకు మాత్రమే ధ్రువపత్రాలు ఇచ్చుకోవడంలో అర్థం లేదు.

గాలి ఎటు వీస్తుంది?

మిరప పరిశోధనలో కాయకుళ్ళు కలిగించే కొల్లెటోట్రైకం, నిల్వలో అఫ్లాటాక్సిన్ కలిగించే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ నిత్యం పెంచే శిలీంధ్రాలు. ఐరోపా సమాఖ్య మిరప వంటి సుగంధ ద్రవ్యాల్లో అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, మొత్తం అఫ్లాటాక్సిన్లను 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. కనుక గుంటూరు మిర్చి ఎగుమతికి ఈ పరిశోధన ఎంతో అవసరం. అయితే ఈ పనిని అనేక కళాశాలల్లో విద్యార్థులు సాధారణ లామినార్ ఫ్లో బల్ల ముందు కూర్చొని చేస్తున్నారు. అడ్డంగా గాలి వీచే ఆ యంత్రం వెనుక నుండి శుభ్రమైన గాలిని ప్లేటు మీదుగా ముందుకు తోస్తుంది. కల్చరును కాపాడడానికే దాన్ని నిర్మించారు, మనిషిని కాపాడడానికి కాదు. ఫ్లేవస్ బీజాలు నిండిన ప్లేటు మూత తెరిస్తే ఆ గాలి వాటిని నేరుగా విద్యార్థి ముఖానికి చేరుస్తుంది. గాలిని లోపలికి లాగి వడపోసే రెండవ తరగతి జీవభద్రతా క్యాబినెట్ ఇక్కడ అవసరం. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, టెండరు పత్రంలో ధర తేడా ఉంటుంది. తక్కువ ధరవైపు మొగ్గడం కొనుగోలు సంఘాల సహజ గుణం.

ఆటోక్లేవ్ విషయంలో మరొక భ్రమ ఉంది. శిలీంధ్రం చనిపోయినంత మాత్రాన అది తయారు చేసిన విషం నశించదు. అఫ్లాటాక్సిన్ వేడిని తట్టుకుంటుంది. కాబట్టి గాజు సామగ్రిని, ఒలికిన ద్రావణాలను సోడియం హైపోక్లోరైట్‌తో శుద్ధి చేయవలసిందే. ఇక 121 డిగ్రీలు, 15 పౌండ్లు, 20 నిమిషాలు అని విద్యార్థి కంఠస్థం చేసిన సూత్రం పలుచని మాధ్యమానికి సరిపోతుంది. కిక్కిరిసి మూతి బిగించిన వ్యర్థాల సంచికి అది చాలదు. సంచి నడుమ గాలి చిక్కుకొని ఆవిరి చేరదు. మూతి వదులుగా ఉంచాలి, సంచిని సగానికి పైన నింపకూడదు, సమయం గంట వరకు పెంచాలి. రంగు మారే టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. చంపిందో లేదో చెప్పేవి జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ బీజాల పట్టీలు. నెలకొకసారి వాటిని సంచి మధ్యలో పెట్టి పరీక్షించిన నమోదు చూపగలిగిన విభాగాన్ని నేను మనసారా అభినందిస్తాను. నడుమ కరెంటు పోతే లెక్క మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టాలని వేరుగా చెప్పనక్కరలేదు గాని, చేసేవారు తక్కువ.

కీటకశాలల గురించి కొంత. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటలను ఎంతగా దెబ్బతీసిందో మనకు తెలుసు. అది 2015లో బెంగుళూరులో బొప్పాయిపై నమోదైన పరాయి జాతి. దానిపై మందుల ప్రభావం తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో పెంచక తప్పదు. సాధారణ దోమతెర దానికి అడ్డు కాదు. అతి సన్నని వల, రెండు తలుపుల గది కావాలి. మందులకు లొంగని పురుగుల జనాభాను వేరే జిల్లా నుండి తెచ్చి పెంచేవారు, ప్రయోగం ముగిశాక వాటిని ఘనీభవింపజేసి చంపిన తేదీని రాసి ఉంచాలి. గులాబీ రంగు పురుగుకు కూడా ఇదే వర్తిస్తుంది. లద్దె పురుగు, శనగపచ్చ పురుగుల రెక్కల పొలుసులు ఏళ్ళ తరబడి పీల్చిన సిబ్బందికి ఉబ్బసం రావడం తెలిసిన విషయమే. ముఖానికి మాస్కు ఇవ్వని కీటకశాల తన సిబ్బందినే పరీక్షా జీవులుగా చేసుకున్నట్లు.

ఇవన్నీ చిన్న విషయాలని అనిపించేవారు చైనాలో జరిగిన రెండు సంఘటనలను గమనించాలి. 2010 డిసెంబరులో హార్బిన్‌లోని ఈశాన్య వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యాధి పరీక్ష చేయించని నాలుగు మేకలను తరగతి ప్రయోగాలకు వాడారు. 27 మంది విద్యార్థులకు, ఒక అధ్యాపకునికి బ్రూసెల్లా సోకింది. ఒక పరీక్ష నివేదిక అడగకపోవడమే అక్కడ జరిగిన లోపం. 2019లో లాన్‌జో నగరంలో పశువుల టీకా కర్మాగారం గడువు తీరిన క్రిమిసంహారకాన్ని వాడింది. వ్యర్థ వాయువుతో బయటికి వెళ్ళిన బ్రూసెల్లా పక్కనున్న పశువైద్య పరిశోధన సంస్థ విద్యార్థులకు, ఆపైన పట్టణవాసులకు సోకింది. పరీక్షల్లో 10 వేలకు పైగా మందికి సోకినట్లు తేలింది. మన అలమారలోని హైపోక్లోరైట్ సీసా మీద తేదీ చూడండి. గుంటూరు వేసవిలో అది లేబులు మీది గడువు కంటె ముందే బలం కోల్పోతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు

కృషి విజ్ఞాన కేంద్రాల వారు, ఏరువాక కేంద్రాల వారు పొలానికీ ప్రయోగశాలకూ నడుమ నిత్యం తిరిగేవారు. వ్యాధి సోకిన మొక్క వారి సంచిలోనే ప్రయాణం చేస్తుంది. ఎండు తెగులు మొక్కను వేరు మట్టితో సహా తీసుకొని, అదే సంచితో, అదే చెప్పులతో మరో మూడు గ్రామాలు తిరిగి సాయంత్రానికి ప్రయోగశాల చేరే పద్ధతి మారాలి. అనుమానపు పొలాన్ని ఆ రోజు చివరి మజిలీగా పెట్టుకోవడం ఖర్చు లేని ఉపాయం. నమూనాను రెండు సంచుల్లో, ఒకదానిలో మరొకటి ఉంచి కట్టాలి. తామర పురుగును సజీవంగా తేనక్కరలేదు, గుర్తింపుకు ఆల్కహాలులో వేసి తెస్తే చాలు. పొగాకు ప్రాంతాల్లో బీడీ, చుట్ట ముట్టిన చేతులతో మిరప నారుమడి తాకడం వల్ల పొగాకు మొజాయిక్ వైరస్ వ్యాపిస్తుందని రైతులకు మనమే చెబుతాం. ఆ నియమం మన గ్రీన్‌హౌసు కూలీలకు, డ్రైవరుకు, మనకు కూడా వర్తిస్తుంది.

నమూనాతో పాటు పంపే చీటీలో గ్రామం, పంట, రకం, సేకరించిన తేదీ, చల్లిన మందులు రాయడం అలవాటే. దానికి మరొక గడి చేర్చవలసిందిగా కోరుతున్నాను. పరీక్ష పూర్తయిన తరువాత మిగిలిన నమూనాను తిరిగి పంపాలా, నిల్వ ఉంచాలా, నాశనం చేయాలా అన్నది పంపేవారే నిర్ణయించి రాయాలి. ప్రయోగశాల వారు ఆ పని చేసిన తేదీ వేసి, నకలు వెనక్కు పంపాలి. ఆ నకలు రెండు వారాల్లో రాకపోతే ఫోను చేసి అడగండి.